రాజుగారి బాకీ



ముందుగా ఒక సంఖ్య చదువుతాను. పెన్సిలూ కాగితమూ చేతికందే దూరంలో ఉంటే రాసుకోండి. లేకపోయినా నష్టం లేదు, వినండి. ఒకటి, ఎనిమిది, నాలుగు, నాలుగు, ఆరు. ఏడు, నాలుగు, నాలుగు, సున్న, ఏడు. మూడు, ఏడు, సున్న, తొమ్మిది, అయిదు. అయిదు, ఒకటి, ఆరు, ఒకటి, అయిదు.

ఇరవై అంకెలు. 18446744073709551615. దీన్ని కోట్లలో చెప్పాలంటే ఒక్క కోటి చాలదు, కోటిని రెండుసార్లు వాడాలి. లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆపైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, ఆపైన తొంభై అయిదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. ఊపిరి బిగబట్టి చదవాల్సి వచ్చింది, మన్నించండి.

ఈ సంఖ్య మీకు కొత్తది కాదు. చదరంగం కనిపెట్టిన పండితుడు రాజుగారిని కోరిన గింజలు ఇవే. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా గడి గడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్ళూ నింపమన్నాడు. రాజుగారు నవ్వి సరేనన్నారు. తర్వాత ఏమైందో చిన్నప్పుడు మీరూ విన్నారు, నేనూ విన్నాను. పదమూడో శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ అనే చరిత్రకారుడు ఈ కథను రాసిపెట్టాడు. అంతకు ముందే, సుమారు 1000 ప్రాంతంలో, అల్ బిరూనీ ఈ రెట్టింపుల లెక్కను చకచకా తేల్చే ఉపాయం చెప్పాడు. కథలో రాజు భారతీయుడు, చెప్పినవాళ్ళు పరదేశీలు. కథలు కూడా సరుకుల్లాగే ఓడలెక్కి తిరుగుతాయి మరి.

ఎంత బియ్యమో ఒక్కసారి అంచనా వేసి, ఆ సంగతి వదిలేద్దాం. బియ్యపు గింజ బరువు ఇరవై అయిదు మిల్లీగ్రాములనుకోండి. అంటే కిలోకు నలభై వేల గింజలు. చదరంగం బల్ల మీద మొదటి వరసలో ఎనిమిది గళ్ళకూ కలిపి 255 గింజలు. ఇది మా అమ్మ చేటలో బియ్యం ఏరుతూ రాళ్ళతోపాటు పొరపాటున పారబోసేటంత. రెండు వరసలు నిండేసరికి 65535 గింజలు, కిలోన్నర పైచిలుకు. ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో రెండు మూడు రోజుల వంట. మూడో వరస ముగిసేసరికి నాలుగు క్వింటాళ్ళు దాటింది. సగం బల్ల, అంటే నాలుగు వరసలు పూర్తయ్యేసరికి 4294967295 గింజలు, నూట ఏడు టన్నులు. పది లారీలు కావాలి. ఇక్కడిదాకా రాజుగారి గాదెలు తట్టుకుంటాయి. మిగతా సగంలోనే కొంప మునిగింది. మొత్తం కలిపితే నలభై ఆరు వేల కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా ఏడాదికి పండించే బియ్యం సుమారు యాభై కోట్ల టన్నులు. తొమ్మిది వందల ఏళ్ళు ఎవరూ తినకుండా దాచిపెడితే బాకీ తీరుతుంది.

కథ చెప్పేవాళ్ళంతా ఇక్కడ ఆగుతారు. అబ్బో ఎంత పెద్ద సంఖ్యో అని ముక్కున వేలేసుకుని ఆగుతారు. నాకు ఎప్పుడూ అదే వెలితిగా ఉండేది. మన ఇంటికి కొత్త మనిషి వస్తే ఎంత పొడుగున్నాడో కొలిచి పంపేయం కదా. ఏ ఊరు నాయనా, ఎవరి తాలూకు, ఇంటిపేరేమిటి అని అడుగుతాం. సంఖ్యను కూడా అలా అడగవచ్చు. నువ్వు ఏయే సంఖ్యల్ని గుణిస్తే పుట్టావు అని అడగవచ్చు. దాన్నే కారణాంకాలు కనుక్కోవడం అంటాం. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనివి ప్రధాన సంఖ్యలు. రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, అలా. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక్క విధంగా విడదీయగలం. అదే దాని వంశవృక్షం. ఈ రాజుగారి బాకీకి వంశవృక్షం గీస్తే మూడు శతాబ్దాల గణితం కొమ్మలకు వేలాడుతూ కనిపిస్తుంది. ఈ పూట ఆ కొమ్మల్ని చూద్దాం.

దానికి ముందు ఒక్క మాట మన భాష గురించి. ఈ ఇరవై అంకెల సంఖ్య తెలుగులో ఒక చంపకమాల పద్యంలో ఉంది. పావులూరి మల్లన పేర ప్రచారంలో ఉన్న పద్యం అది. తొమ్మిదో శతాబ్దపు జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడి సంస్కృత గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి దించినవాడు మల్లన. తెలుగులో లెక్కల పుస్తకమంటే మొదట చెప్పుకోవాల్సింది అదే. మహావీరుడికి సంఖ్యలతో ఆడుకోవడం ఇష్టం. 152207ను 73తో గుణించమంటాడు. గుణిస్తే వరసగా ఎనిమిది ఒకట్లు వస్తాయి. అలాంటి లబ్ధాలను ఆయన మెడలో వేసుకునే హారాలతో పోల్చాడు. అటు నుంచి చూసినా ఇటు నుంచి చూసినా ఒకేలా కనబడే ముత్యాల పేరు కదా మరి.

చదరంగం పద్యంలో అంకెలు అంకెల రూపంలో లేవు, భూత సంఖ్యల్లో ఉన్నాయి. చంద్రుడంటే ఒకటి, ఎందుకంటే ఒక్కడే గనక. మన్మథుడి బాణాలు అయిదు. వేదాలు నాలుగు, సముద్రాలు కూడా నాలుగే. కొండలు ఏడు. దిక్కుల్ని మోసే ఏనుగులు ఎనిమిది. ఆకాశం సున్న, అగ్ని మూడు. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు నడవాలి. బాకీలో ఒకట్ల స్థానంలో అయిదు ఉంది గనక పద్యం బాణంతో ఎత్తుకుంటుంది. చిట్టచివరి ఒకటి దగ్గరకొచ్చేసరికి మళ్ళీ చంద్రుడి పేరే పలుకుతుంది.

ఇది కేవలం చమత్కారం అనుకునేవాణ్ణి. లెక్కలు చెప్పడం మొదలుపెట్టాక అందులోని తెలివి అర్థమైంది. అంకెల్లో రాసిన సంఖ్యను తాటాకు మీద ఎత్తి రాసేవాడు ఒక నాలుగును ఏడుగా రాస్తే ఎవరికి తెలుస్తుంది? పద్యంలో ఒక మాట మారిస్తే చాలాసార్లు గణం తప్పుతుంది, చెవికి తెలిసిపోతుంది. యతి ప్రాసలు కూడా కాపలా కాస్తాయి. ఈ రోజుల్లో ఆధార్ నంబరుకు తప్పు పట్టుకునే అంకె ఒకటి చివర చేరుస్తున్నారు చూడండి, ఛందస్సు మన పూర్వులకు ఆ పని చేసిపెట్టింది.

సరే, ఇక విడదీద్దాం. మొదటి రెండు ముక్కలు ఎవరైనా పట్టగలరు. సంఖ్య అయిదుతో ముగిసింది గనక అయిదు దాన్ని భాగిస్తుంది. అంకెలన్నీ కూడితే ఎనభై ఏడు వస్తుంది, అది మూడుతో పోతుంది, కాబట్టి బాకీ కూడా మూడుతో పోతుంది. తొమ్మిదితో మాత్రం పోదు. ఆ తర్వాత? పదిహేడుతో పోతుందా, పందొమ్మిదితో పోతుందా అని ఒక్కొక్కటీ పట్టి చూస్తూ కూర్చుంటే తెల్లవారుతుంది. అక్కర్లేదు. చదరంగం బల్లే దారి చూపిస్తుంది.

బల్లను మనసులో పెట్టుకోండి. మొదటి వరసలో మొదటి గడిలో ఒక గింజ. దాని కింద, రెండో వరస మొదటి గడిలో ఎన్ని? మధ్యలో ఎనిమిది రెట్టింపులు జరిగాయి గనక 256. మొదటి వరస రెండో గడిలో రెండుంటే దాని కింద 512. అంటే రెండో వరసలో ప్రతి గడీ తన పై గడికి 256 రెట్లు. కాబట్టి రెండో వరస మొత్తం మొదటి వరసకు 256 రెట్లు. రెండూ కలిపితే మొదటి వరసకు 257 రెట్లు. చూశారా, భాగహారం చెయ్యకుండానే 257 అనే కారణాంకం చేతిలో పడింది.

ఇదే మాట మళ్ళీ మళ్ళీ అనుకోండి. మూడు, నాలుగు వరసలు కలిపితే మొదటి రెండు వరసలకు 65536 రెట్లు. నాలుగూ కలిపితే 65537 రెట్లు. కింది సగం బల్ల పై సగానికి 4294967296 రెట్లు, మొత్తం బల్ల 4294967297 రెట్లు. ఇక మొదటి వరసలోకే వెళ్ళి దాన్ని సగానికి విరవండి. ఎడమ నాలుగు గళ్ళకు కుడి నాలుగు గళ్ళు పదహారు రెట్లు, వరస మొత్తం పదిహేడు రెట్లు. ఎడమ నాలుగింటిని మళ్ళీ విరిస్తే అయిదు. మిగిలిన రెండు గళ్ళలో ఒకటీ రెండూ, మూడు గింజలు.

కాబట్టి బాకీ అంటే 3, 5, 17, 257, 65537, 4294967297, ఈ ఆరింటి లబ్ధం. సంకేతాలూ సూత్రాలూ ఏమీ లేకుండా, బల్లను అరటి దవ్వ విరిచినట్టు సగానికి సగం విరిచి పట్టాం. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. వాటిని ఇంక విరవలేం. ఆరోది?

ఈ ఆరో సంఖ్య దగ్గరే ఒక మహానుభావుడు కాలు జారాడు. పియర్ ద ఫెర్మా ఫ్రాన్సులోని టూలూజ్ నగరపు న్యాయస్థానంలో ఉద్యోగి. గణితం ఆయనకు తీరిక వేళల వ్యాపకం. ఆ తీరికలోనే ఆయన చేసినదాన్ని ఇప్పటికీ పుస్తకాలు మోస్తున్నాయి. 1640లో మిత్రులకు రాసిన ఉత్తరాల్లో మనం ఇప్పుడు పట్టుకున్న ఈ వరసనే చెప్పాడు. మూడు, అయిదు, పదిహేడు, ఇలా సాగే సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని తనకు గట్టి నమ్మకం ఉందన్నాడు. నిరూపణ మాత్రం దొరకలేదని కూడా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు కోసమైనా ఆయన్ని మెచ్చుకోవాలి. నమ్మకానికీ నిరూపణకూ తేడా తెలిసినవాడు ఆయన.

దాదాపు తొంభై ఏళ్ళు గడిచాయి. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ అనే పండితుడు లియొనార్డ్ ఆయిలర్‌కు ఉత్తరం రాస్తూ, ఫెర్మా మాట నిజమేనా అని అడిగాడు. ఆయిలర్ స్విట్జర్లాండు కుర్రవాడు, సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో కొలువు, అప్పటికి ఇరవై రెండేళ్ళు. మొదట పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత పట్టు పట్టాడు. 1732లో సమాధానం చెప్పాడు. ఆరో సంఖ్య ప్రధాన సంఖ్య కాదు, 641 దాన్ని భాగిస్తుంది అన్నాడు.

641 ఎలా దొరికిందన్నది అందమైన కథ. ఆరో సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, దాన్ని 64తో భాగించినప్పుడు శేషం ఒకటే రావాలని ఆయిలర్ తర్వాత రాసిన వ్యాసంలో నిరూపించాడు. 64లు లెక్కపెడుతూ ఒకటి కలుపుతూ పోవాలి. 65, 129 ప్రధాన సంఖ్యలు కావు, వదిలేయండి. 193 ఔను. 257 ఔను. 321, 385 కావు. 449 ఔను. 513 కాదు. 577 ఔను. ఆ తర్వాతది 641. లెక్కపెట్టండి, అయిదో ప్రయత్నం. ఫెర్మా తన పేరుతో ఇప్పటికీ చలామణి అవుతున్న సిద్ధాంతాన్ని ఇక్కడ వాడుకుని అయిదే అయిదు భాగహారాలు చేసి ఉంటే, తన నమ్మకం తప్పని తనకే తెలిసేది. ఎందుకు చెయ్యలేదో! బహుశా చేసి, ఎక్కడో కూడికలో పొరపడ్డాడేమో. లెక్కల మాస్టరుగా నేను ఆ రెండోదే నమ్ముతాను. ఎక్కాలు తప్పని మేధావిని నేనింకా చూడలేదు.

641 నిజంగా భాగిస్తుందా? ఇప్పుడు పెన్సిలు తియ్యండి. పది అంకెల సంఖ్యతో కుస్తీ పట్టక్కర్లేదు. 65536 గింజల్ని తీసుకోండి. 641 చొప్పున కుప్పలు పోయండి. 102 కుప్పలవుతాయి, అంటే 65382 గింజలు. మిగిలినవి 154. ఈ 154ను గట్టిగా పట్టుకోండి.

మనకు కావలసింది 65536ను దానితోనే గుణించిన లబ్ధం, అంటే 4294967296. భాగహారంలో ఒక సదుపాయం ఉంది. పెద్ద సంఖ్యల్ని గుణించి శేషం చూడ్డం ఎందుకు, శేషాల్నే గుణిస్తే సరిపోతుంది. 154ను 154తో గుణించండి. 23716. దాన్ని మళ్ళీ 641 చొప్పున కుప్పలు పోయాలి. 641ని 37తో గుణించి చూడండి. 23717. మన దగ్గర ఉన్నది 23716. ఒక్క గింజ తక్కువైంది!

ఆ ఒక్క గింజే అసలు సంగతి. 4294967296 గింజల్ని కుప్పలు పోస్తే ఆఖరి కుప్పకు ఒక్క గింజ తక్కువ. ఆరో సంఖ్య దానికంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. ఆ ఒక్క గింజా వేస్తే కుప్ప నిండింది, శేషం సున్న. ఫెర్మా నమ్మకం 154 అనే చిన్న సంఖ్య మీద కూలిపోయింది. మా బడిలో ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు, ఇంతేనా మాస్టారూ అన్నాడు. ఇంతే. కనిపెట్టాక అన్నీ ఇంతే.

641తో భాగిస్తే వచ్చేది 6700417. అదీ ప్రధాన సంఖ్యే. కాబట్టి రాజుగారి బాకీకి మొత్తం ఏడు ప్రధాన కారణాంకాలు. 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండుసార్లు రాలేదు. ఏడూ వేర్వేరు గనక ఈ సంఖ్యను నిశ్శేషంగా భాగించేవి, ఒకటినీ తననూ కలుపుకుని, సరిగ్గా 128. అరవై నాలుగు గళ్ళకు రెట్టింపు. ఇది కాకతాళీయమే, ఇందులో అంతరార్థాలు వెతక్కండి.

పనిలో పని, ఆరో సంఖ్య ఫెర్మాకు పరువు తక్కువ చేసినా మొదటి అయిదూ జామెట్రీకి మేలు చేశాయి. 1796 మార్చి చివర్లో, ఇంకా పందొమ్మిదేళ్ళు నిండని గౌస్, స్కేలూ వృత్తలేఖినీ మాత్రమే వాడి పదిహేడు సమాన భుజాల బహుభుజిని గీయవచ్చని నిరూపించాడు. గ్రీకుల తర్వాత రెండు వేల ఏళ్ళకు ఆ రంగంలో కదలిక అది. మూడు, అయిదు, పదిహేడు, 257, 65537, వీటన్నిటికీ అది సాధ్యమే. వాటిని ఒకదానితో ఒకటి గుణించినా సాధ్యమే. అయిదూ గుణిస్తే ఎంత? సగం బల్ల మీది గింజలు, 4294967295. బేసి సంఖ్యలో భుజాలుండి, స్కేలూ వృత్తలేఖినీతో గీయగలమని మనకు తెలిసిన బహుభుజుల్లో అన్నిటికంటే పెద్దది అదే. గీసినవాళ్ళు లేరు, గీస్తే అది వృత్తంలాగే కనిపిస్తుంది. 65537 భుజాల బహుభుజి గీసే విధానం కోసం హెర్మెస్ అనే జర్మన్ పదేళ్ళు కూర్చున్నాడు. ఆయన రాతప్రతి ఒక పెట్టెలో గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఉంది. దేవుడా, పదేళ్ళు! కానీ చదరంగం ఆడుతూ పదేళ్ళు గడిపేవాళ్ళను మనమేం అనం కదా.

ఫెర్మా వరసలో ఆ మొదటి అయిదు తప్ప ఆరో ప్రధాన సంఖ్య ఈనాటికీ దొరకలేదు. అన్నీ ప్రధానాలే అన్నాడు పాపం.

ఇప్పటిదాకా మొత్తం బల్లను విరిచాం. ఇంకో రకంగా చూద్దాం. గడి గడికీ ఆగి, అప్పటిదాకా పోసిన గింజల మొత్తం ప్రధాన సంఖ్యా కాదా అని అడుగుతూ పోదాం. రెండు గళ్ళయ్యాక 3, ప్రధానం. మూడు గళ్ళకు 7, అదీ ప్రధానం. నాలుగు గళ్ళకు 15, కాదు. అయిదుకు 31, ఔను. ఇలా చివరిదాకా వెళితే సరిగ్గా తొమ్మిది చోట్ల మొత్తం ప్రధాన సంఖ్య అవుతుంది. 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61 గళ్ళ దగ్గర. ఇంకెక్కడా కాదు.

31వ గడి దగ్గరి మొత్తం 2147483647. అది ప్రధాన సంఖ్యేనని 1772లో తేల్చింది మళ్ళీ ఆయిలరే. ఈ సంఖ్య ఒకసారి వార్తల్లోకెక్కింది. 2014లో గంగ్నమ్ స్టైల్ అనే కొరియా పాటను చూసిన సార్ల లెక్క యూట్యూబులో ఆ సంఖ్యను దాటబోయింది. అక్కడి లెక్కపెట్టే మీటరు అంతవరకే పట్టేది. గాదె చాలక పెద్ద గాదె కట్టినట్టు, వాళ్ళు అరవై నాలుగు బిట్ల మీటరుకు మారారు.

61 గళ్ళ దగ్గరి మొత్తం 2305843009213693951. దాన్ని 1883లో ప్రధాన సంఖ్యగా తేల్చినవాడు పెర్వూషిన్, రష్యాలో ఒక పల్లెటూరి చర్చి పూజారి. కంప్యూటరు లేదు, కాలిక్యులేటరు లేదు. దీపం వెలుగు, కాగితాలు, ఓపిక. అంతకు రెండు వందల ఏళ్ళకు పైనే ముందు, 1644లో, మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి ఇలాంటి ప్రధాన సంఖ్యల జాబితా ఇచ్చాడు. అందులో 61 లేదు, 67 ఉంది. రెండూ పొరపాట్లే.

ఆ 67 గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. బల్లకు మరో మూడు గళ్ళు అతికించారనుకోండి. అప్పుడు మొత్తం 147573952589676412927. 1876లో ల్యూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఇది ప్రధాన సంఖ్య కాదని తేల్చాడు. కాని కారణాంకాలేమిటో ఆయనకూ తెలియలేదు. దొంగతనం జరిగిందని రుజువైంది, దొంగ దొరకలేదు. 1903 అక్టోబరు చివర్లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సభలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ఆయన మాట్లాడాల్సి ఉంది. లేచి బోర్డు దగ్గరకెళ్ళాడు. రెండును అరవై ఏడుసార్లు గుణించి ఒకటి తీసేశాడు. పక్కకు జరిగి 193707721ను 761838257287తో చేత్తో గుణించాడు. రెండు జవాబులూ ఒకటే. ఒక్క మాటైనా మాట్లాడకుండా వచ్చి కూర్చున్నాడని, సభ లేచి చప్పట్లు కొట్టిందని చెబుతారు. ఎంతకాలం పట్టిందని అడిగితే మూడేళ్ళ ఆదివారాలు అన్నాడట. గణితంలో అంతటి గొప్ప ఉపన్యాసం మరొకటి లేదు. ఆకాశవాణికి మాత్రం అది పనికిరాదు.

ఇదే ల్యూకా మన కాశీ పేరు చెప్పి ఒక కథ కూడా అల్లాడు. 1883లో ఆయన అమ్మకానికి పెట్టిన బొమ్మ ఒకటుంది. మూడు కడ్డీలు, వాటి మీద పెద్దదాని పైన చిన్నది చొప్పున బిళ్ళలు. కాశీలో ఒక గుడిలో అరవై నాలుగు బంగారు బిళ్ళలున్నాయని, పూజారులు రాత్రింబవళ్ళు వాటిని ఒక కడ్డీ నుంచి మరో కడ్డీకి మారుస్తున్నారని, అది పూర్తయిన రోజున ప్రళయమని ఆ ఆటతోపాటు ప్రచారం. కాశీకి వెళ్ళొచ్చిన మన పెద్దలెవరూ ఆ గుడి చూడలేదు. కాని లెక్క మాత్రం ఖచ్చితం. అన్ని బిళ్ళలూ మార్చడానికి ఎన్ని కదలికలు కావాలంటే, రాజుగారి బాకీ ఎంతో అన్ని. ఒకటి ఎక్కువ కాదు, తక్కువ కాదు. సెకనుకొకటి చొప్పున మార్చినా యాభై ఎనిమిది వేల కోట్ల ఏళ్ళు పైనే పడుతుంది. ప్రళయానికి తొందర లేదు.

బాకీకి పొరుగునున్న సంఖ్యనూ పలకరించి వెళదాం. దానికి రెండు కలిపితే 18446744073709551617. ఇది ఫెర్మా వరసలో ఏడోది. ఇదీ ప్రధానం కాదు. 274177ను 67280421310721తో గుణిస్తే వస్తుంది. క్లౌజెన్ అనే ఆయన 1855లో గౌస్‌కు రాసిన ఉత్తరంలో ఈ సంగతి ఉంది. అది బయటికి తెలియక, 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి పెద్దాయన, ఎనభై ఏళ్ళు దాటిన వయసులో, మళ్ళీ మొదటినుంచీ కష్టపడి సాధించాడు. ముందే ఒకరు చేశారని తెలిస్తే ఆయనకు ఆ సంతోషం దక్కేది కాదు.

ఇదంతా తీరిక ఉన్నవాళ్ళ ఆటలా అనిపిస్తే తప్పు మీది కాదు, చాలాకాలం అది ఆటే. ఇప్పుడు కాదు. గుణించడం పాలలో నీళ్ళు కలిపినంత తేలిక. విడదీయడానికి హంస కావాలి. ఇంటర్నెట్టులో మన రహస్యాలను కాపాడే తాళాల్లో ప్రసిద్ధమైనదొకటి ఈ తేడా మీదే నిలబడింది. 1977లో 129 అంకెల సంఖ్య ఒకటి ఇచ్చి, విడదీసినవారికి వంద డాలర్లు బహుమానం అన్నారు. అది 1994లో విడింది, వందలమంది కంప్యూటర్లు కలిపి నెలల తరబడి పనిచేస్తే. ఇరవై అంకెల మన బాకీని మీ జేబులోని ఫోను రెప్పపాటులో విడదీస్తుంది. అందుకే ఇప్పటి తాళాలకు వందల అంకెల సంఖ్యలు వాడుతున్నారు.

ఆ ఫోనులోనూ మన బాకీ ఉంది. కంప్యూటరుకు సున్న, ఒకటి తప్ప వేరే అంకె తెలియదు. అరవై నాలుగు గళ్ళలోనూ ఒకటి వేస్తే ఆ గళ్ళలో పట్టే అత్యధిక సంఖ్య వస్తుంది. అది 18446744073709551615. దానికి మరొక్కటి కలిపారా, పాత స్కూటరు మీటరులో తొమ్మిదులన్నీ తిరిగి సున్నాలైనట్టు, మొత్తం సున్న అయిపోతుంది. రాజుగారికి ఈ సంగతి తెలిసి ఉంటే ఇంకో గింజ వేసి బాకీ రద్దు చేయించుకునేవారు.

పెన్సిలు తీసినవాళ్ళకు ఒక చిన్న పని. ఇంట్లో ఎనిమిదో తరగతి దాటిన పిల్లలుంటే వాళ్ళచేత 154ను 154తో గుణింపజేయండి, 641ని 37తో గుణింపజేయండి. రెండు జవాబులూ పక్కపక్కన రాయించండి. తేడా ఒకటే రావాలి. రెండు వస్తే మాత్రం తప్పు ఫెర్మాది కాదు, మీది.

సెలవు.